గాలి దూరని తలుపు

"ఈ గాలి ఏదో ఒకరోజు ఎవరి ప్రాణం మీదికో తెస్తుంది, చూస్తూ ఉండండి!"

పైకే అంది కంగారమ్మ. వినడానికి అక్కడ పెద్దగా ఎవరూ లేరు. పొయ్యి మీద పాలగిన్నె, మేకుకి తగిలించిన గొడుగు, ముందుగదిలో దుప్పటి ముసుగేసుకుని గోడవైపు తిరిగి పడుకున్న కూతురు. గిన్నే గొడుగూ ఎలాగూ పలకవు. కూతురు పలకగలదు. పలకదు, అంతే.

కంగారమ్మ అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు, మేడంతా కలిసి పెట్టింది. పెట్టరూ మరి? మెట్ల మీద అరటితొక్క కనబడితే చాలు, కిందింటి ముసలాయన కాలు విరిగే ఉంటుందని ఏడుపు మొహంతో వెళ్ళి ఆయన తలుపు తట్టేది. ఆయన నిదానంగా తలుపు తీసి, "ఇంకా విరగలేదమ్మా, విరగ్గానే కబురు చేస్తాలే" అని మళ్ళీ మూసుకునేవాడు. పక్కవీధిలో ఏ బండి కీచుమన్నా చేతిలో పని వదిలేసి కిటికీ దగ్గరికి పరిగెత్తేది. ఆవిడకి మంచి జరిగినప్పుడు కూడా స్థిమితం ఉండేది కాదు, దీని వెనక ఏం కాచుక్కూర్చుందో అని.

గాలి గురించి ఆవిడ భయం మాత్రం వట్టిది కాదు. భర్త పోయింది ఇలాంటి చలికాలంలోనే. మామూలు జలుబే అన్నారు. అన్నవాళ్ళంతా తరవాత వచ్చి గుమ్మం ముందు తల దించుకుని నిలబడ్డారు.

ఇల్లు మొత్తం రెండు గదులు. వెనకది వంటగది, కంగారమ్మ పడక కూడా అక్కడే. మెట్ల మీంచి నేరుగా ముందుగదిలోకి వీధి తలుపు. ఆ తలుపు పక్కనే కూతురి మంచం. మంచం జరుపుదామంటే బీరువా అడ్డం, బీరువా జరుపుదామంటే కిటికీ అడ్డం. చలికాలం మొదలైన దగ్గర్నుంచీ తలుపు సందుల్లోంచి సన్నటి గాలి సరిగ్గా పిల్ల నడినెత్తిన పడుతోంది. ఊరికే పడటం కాదు, ఈల వేస్తూ పడుతోంది. తెల్లారేసరికి పిల్లకి దగ్గు. ఒక్కో దగ్గూ వంటగదిలో తల్లి గుండె మీద సుత్తితో కొట్టినట్టు తగిలేది.

విచిత్రం ఏమిటంటే అది వదులు తలుపు కాదు. పోయిన ఎండాకాలం పాత తలుపు అడుగున చివికిపోతే, కింద వీధిలో దుకాణం ఉన్న వడ్రంగి కొత్తది చేసి బిగించాడు. బిగించి, అరచేత్తో చరిచి, "గుండుసూది దూరదక్కా" అన్నాడు. నిజమే, గుండుసూది దూరదు. తీయాలంటే భుజం పెట్టాలి, వేయాలంటే మోకాలు పెట్టాలి. గాలికి భుజాలూ మోకాళ్ళూ లేవు కదా, అది దర్జాగా వచ్చేసేది.

కూతుర్ని అందరూ అమ్మడు అనేవాళ్ళు. సన్నగా, పొడుగ్గా, తండ్రి పోలిక. చిన్నప్పటి నుంచీ బస్సుల పిచ్చి. పెద్దయ్యాక ఆ పిచ్చే పని అయింది. బస్సు నడపడం నేర్చుకుని, డిపోలో చేరి, పెద్ద చక్రం పట్టుకుంది. మొదటిరోజు సాయంత్రం ఇంటికొచ్చి, "అమ్మా, అంతెత్తు మీంచి చూస్తే ఊరు ఎంత నెమ్మదిగా కనబడుతుందో తెలుసా!" అంది. కళ్ళు వెలిగిపోతున్నాయి. ఆ వెలుగు చూసి కంగారమ్మకి గుండెల్లో రాయి పడింది.

తరవాత కొండదారి బస్సు ఇస్తున్నారని తెలిసింది. ఇక ఆవిడకి ముద్ద దిగలేదు. ఒకరోజు పిల్లకి తెలియకుండా డిపోకి వెళ్ళింది. "చిన్నప్పుడు ఒకసారి ఎండలో కళ్ళు తిరిగి పడిపోయింది బాబూ, కాస్త చదునుదారి ఇప్పించండి" అని పై అధికారిని వేడుకుంది. అంతవరకే చెప్పి ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు. అప్పుడప్పుడూ నిద్రలో ఉలిక్కిపడుతుందని చెప్పింది. తల నొప్పంటుందని చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. విని, డాక్టరు చూసి సరే అనేదాకా చక్రం ముట్టుకోవద్దని అమ్మడిని కిందికి దింపి, ప్రయాణికులు మరిచిపోయిన గొడుగులూ సామాన్లూ దాచే గదిలో కూర్చోబెట్టాడు.

ఆ సాయంత్రం అమ్మడు ఇంటికొచ్చి, "డిపోకి వెళ్ళావా?" అని అడిగింది.

"నీ మంచికే కదే తల్లీ" అంది కంగారమ్మ.

అంతే. అప్పుడు మూతబడ్డ నోరు మళ్ళీ తెరుచుకోలేదు. వడ్డిస్తే తినేది, పిలిస్తే చూసేది, ఫోను చేస్తే ఎత్తేది కాదు. డాక్టరు దగ్గరికీ వెళ్ళలేదు, పంతంగా. ఎదురింట్లో బట్టలు కుట్టే వదినతో మాట్లాడేది, వడ్రంగితో మాట్లాడేది, ఫోన్లో ఎవరితోనో నవ్వేది కూడా. తల్లి దగ్గర ఉలుకూ లేదు పలుకూ లేదు. కంగారమ్మ ఎన్నిసార్లు దగ్గరికెళ్ళి "నీ మంచికే కదే" అని మొదలుపెట్టినా, పిల్ల లేచి మొహం కడుక్కోవడానికి వెళ్ళిపోయేది. ఆ మొహం ఎన్నిసార్లు కడిగినా కోపం మాత్రం పోలేదు.

ఇక మిగిలింది గాలి. మాటలు వినని పిల్లకి చలి అయినా తగలకుండా చూద్దామనుకుంది తల్లి.

మొదట స్పాంజి పట్టీ కొనుక్కొచ్చి ద్వారబంధం చుట్టూ అంటించింది. తలుపు పడలేదు. అమ్మడు బయటికెళ్తూ లాగింది, లాగింది, ఎదురింటి వదిన వచ్చి తనూ పట్టుకుని లాగినా పడలేదు. పట్టీ పీకేస్తే దాని జిగురు మిగిలి, ఆ వారమంతా పిల్ల స్వెట్టరు చెయ్యి తలుపుకి అతుక్కుంటూ ఉండేది. తరవాత పాత దుప్పటిలో గుడ్డపీలికలు కుక్కి, కొండచిలువలా కుట్టి గడప దగ్గర పెట్టింది. తలుపు తీసిన ప్రతిసారీ అది మూలకి దొర్లిపోయేది. ఒకసారి చీకట్లో దాన్నే తొక్కి తనే కెవ్వుమంది.

"ఏంటి వదినా, పాముని పెంచుతున్నావా?" అని ఎదురింటి వదిన నవ్వింది.

"నవ్వు వదినా, నవ్వు. ఆ పిల్ల దగ్గు వింటే నీకు నవ్వు రాదు."

"దగ్గు సంగతి సరే. పిల్ల నీతో మాట్లాడుతోందా?"

కంగారమ్మ కొండచిలువని దులిపింది.

ఆ రోజుల్లోనే ఆవిడ చెవిన పడింది, పిల్ల ఫోన్లో అంటున్న మాట. "నెల మారగానే వచ్చేస్తా. మంచం కిటికీ పక్కనే కదా? సరే, అదే ఉంచు." డిపో పక్కన ఆడపిల్లల హాస్టలు ఒకటి ఉంది. మర్నాడు మంచం కింద ఊడుస్తుంటే చీపురుకి సంచీ తగిలింది. ఖాళీ సంచీయే. దాన్ని మళ్ళీ అక్కడికే తోసేసింది. చెప్పకుండా వెళ్ళిపోతుంది. ఒక్క మాట కూడా అనకుండా ఆ తలుపు లాగేసుకుని వెళ్ళిపోతుంది. ఇల్లు వెచ్చగా ఉంటే, ఒక్క రాత్రి దగ్గు లేకుండా పడుకుంటే, ఏమో, మనసు మారుతుందేమో!

పొద్దున్నే వడ్రంగిని పిలుచుకొచ్చింది.

అమ్మడు మంచం మీద కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటోంది. వడ్రంగి లోపలికొస్తూనే, "ఏం అమ్మడూ, మమ్మల్ని బస్సెప్పుడు ఎక్కిస్తావు?" అన్నాడు.

కంగారమ్మ గతుక్కుమంది.

"ప్రస్తుతానికి గొడుగుల్ని తోలుతున్నా మావయ్యా" అంది అమ్మడు తలెత్తకుండా. "ఒక్కటీ మాట వినదు."

వడ్రంగి పాత పేపరు చీలిక ఒకటి తలుపు సందులో పెట్టి, తలుపు మూసి లాగాడు. పైన చిరిగిపోయింది. బందుల వైపు కదల్లేదు. తాళం వైపు మాత్రం వెన్నలోంచి లాగినట్టు వచ్చేసింది.

"ఇదిగో, ఇక్కడ నవ్వుతోంది మీ తలుపు."

"నాకు ఏడుపొస్తుంటే అది నవ్వడం ఏంటి నాయనా? గుండుసూది దూరదన్నావు!"

"దూరదు. చలికి చెక్క ఎండి ఒకవైపు లాగింది, దానికి నేనేం చేస్తా? నన్నయినా మీరు ఎండబెడితే లాగుతా."

"అయితే స్పాంజి ఇంకోసారి పెడితే?"

"ఇంత బిగువు తలుపుకి స్పాంజి పెడితే, బిగువు చొక్కా కింద స్వెట్టరు తొడిగినట్టే. గుండీలు పడవు." సంచీలోంచి రబ్బరు పేస్టు గొట్టం తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. "ద్వారబంధానికి దీన్ని సన్నగా రాయాలి. తలుపు అంచుకి నాలుగు వైపులా సబ్బు పట్టించాలి, దట్టంగా. అప్పుడు తలుపు మూసేస్తే, సందు ఎక్కడ ఎంతుందో అక్కడ అంత మందాన పేస్టు అణిగిపోతుంది. ఆరాక మెత్తటి రబ్బరు. సబ్బుంది కాబట్టి తలుపు హాయిగా తెరుచుకుంటుంది."

"సబ్బు రాస్తే అంటుకోదేమో?"

"అంటుకోకూడదనే కదక్కా రాసేది! బంధానికి అంటుకోవాలి, తలుపుకి అంటుకోకూడదు. రెంటికీ అంటుకుంటే దాన్ని తలుపనరు, గోడంటారు."

మంచం మీద అమ్మడి పెదవి మూల కొంచెం కదిలింది. తల్లి అటు తిరిగేసరికి మళ్ళీ మామూలే.

"నాకు ఊరి చివర పనుంది. సాయంత్రం వచ్చి నేనే రాస్తా" అన్నాడు వడ్రంగి.

"సాయంత్రం దాకానా! ఇంకో రాత్రి ఈ గాలిలోనా!"

"సరే, ఆగలేకపోతే అమ్మాయి వెళ్ళగానే మీరే రాసేయండి. తను వచ్చేదాకా కదపొద్దు. సబ్బు మాత్రం మరిచిపోకండి."

అమ్మడు లేచింది. వడ్రంగికి చెయ్యి ఊపి, తల్లి పక్కనుంచి గాలిలా దాటుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

కంగారమ్మ పని మొదలుపెట్టింది. తలుపు అంచంతా తడి చేసి, బట్టల సబ్బు బిళ్ళ సగం అరిగేదాకా రాసింది. శ్రద్ధగా రాసింది, పిల్లకి తలంటినంత శ్రద్ధగా. రాసి, వెనక్కి జరిగి చూసుకుంది. చూసేసరికి గుబులు పుట్టింది. ఇంత సబ్బా? అంత జారుడుగా ఉంటే ఆ రబ్బరు నిలుస్తుందా? పగలంతా నిలిచి, రాత్రి పిల్ల పడుకున్నాక ఊడి రాలిపోతే? వడ్రంగి మాటలకేం, వేసవిలో గుండుసూది దూరదన్న మనిషేగా!

తడిగుడ్డ తెచ్చింది. ఎందుకైనా మంచిదని తాళం వైపు సబ్బు తుడిచేసింది. తాళం వైపు తుడిచాక పైన ఉంచడం ఎందుకని పైనా తుడిచింది. తరవాత బందుల వైపు. గడప దగ్గర వంగలేక కొంచెం వదిలేసింది. పేస్టు సన్నగా రాయమన్నాడు కానీ, సన్నటిదేదీ ఆవిడకి నమ్మకం లేదు. గొట్టం చివరిదాకా చుట్ట చుట్టి పిండేసింది. తలుపు మూసి, మోకాలు పెట్టి నొక్కింది. తాళంచెవి కన్నంలోంచి చల్లగా తగిలితే, అందులో దూది కుక్కింది.

గాలి ఆగిపోయింది.

చెయ్యి పెట్టి చూసింది. దీపం పెట్టి చూసింది. మంట నిటారుగా నిలబడింది, వణకలేదు. "అమ్మయ్య!" అనుకుంది. మంచం మీద పక్క సరిచేసి, తలగడ దులిపి, పిల్ల తల ఉండే చోట చెయ్యి ఆనించి కాసేపు కూర్చుంది. ఇక దగ్గు రాదు.

కూర్చున్నాక తెలిసింది, ఇంట్లో ఏదో తేడాగా ఉందని. ఏమిటో వెంటనే అర్థం కాలేదు. గడియారం చప్పుడు మాత్రం పెద్దదైంది. ఎదురింటి వదిన కుట్టుమిషను వినబడటం లేదు. మెట్ల మీద పిల్లల గోల లేదు. కిందింటి ముసలాయన గొంతు సవరించుకోవడం లేదు. ఆ సన్నటి సందుల్లోంచే ఇన్నాళ్ళూ మేడంతా తన ఇంట్లోకి వస్తూ ఉండేదని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు. రోజూ సాయంత్రం వంటగదిలో ఉన్నా ఒక చెవి మెట్ల మీదే ఉంచేది. అమ్మడి అడుగు ఎక్కడున్నా పట్టేది. కింద అంతస్తులో ఉండగానే, "హమ్మయ్య, వచ్చింది" అనుకుని పొయ్యి వెలిగించేది. పిల్ల మాట్లాడకపోయినా ఆ అడుగులు మాట్లాడేవి. ఇప్పుడు అవీ వినబడవు.

వంట చేసింది. తినబుద్ధి కాలేదు. తలుపు దగ్గరికొచ్చి చెవి ఆనించింది. నీళ్ళలో మునిగినట్టుంది. పిల్ల వచ్చి వెళ్ళిపోయినా తెలియదు కదా అనిపించింది. అలా అనిపించాక ఇక ఆ తలుపు దగ్గర్నుంచి లేవలేదు. ముక్కాలిపీట తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది, ఆస్పత్రి గది బయట కూర్చున్నట్టు.

కిటికీలో వెలుగు పలచబడే వేళకి తాళంచెవి కన్నంలో దూది కదిలింది. ఉబ్బి, మెల్లగా ముందుకొచ్చి, టప్పున నేల మీద పడింది. వెనకే తాళంచెవి మొన కనబడింది. తిరిగింది. తాళం ఊడింది. తలుపు కదల్లేదు.

బయటినుంచి భుజం పడింది. ఇంకోసారి పడింది. తలుపు "ఊఁ" అని ఊరుకుంది.

"అమ్మడూ, ఆగు, ఆగు! నేను లాగుతా!" కంగారమ్మ రెండు చేతులతో గడియ పట్టుకుని లాగింది. కాలు గోడకి తన్నిపెట్టి లాగింది. కొత్త రబ్బరు కొంచెం సాగి, మళ్ళీ వెనక్కి లాక్కుంది. "అయ్యో, అయ్యో, అంటుకుపోయిందే! పొయ్యి మంట అంటుకుంటే ఎలా? నాకేదన్నా అయితే ఎలా? నువ్వు బయట చలిలో!"

తాళంచెవి వెనక్కి వెళ్ళిపోయింది. కన్నంలోంచి చల్లగాలి ఒక్క పోగులా వచ్చింది. దాంతోపాటు ఎదురింటి తలుపు చప్పుడు, వదిన గొంతు.

"వదినా! తలుపు అంటించేసుకున్నావా ఏంటి!"

"నవ్వకు వదినా, నీకు పుణ్యం ఉంటుంది! వడ్రంగికి ఫోను చెయ్యి!"

కాసేపటికి మళ్ళీ వదిన గొంతు. "చేశాలే. సన్నటి రంపం పట్టుకుని వస్తున్నాడు. 'గోడ కట్టేసిందా అక్క' అని అడిగాడు." వదిన నవ్వు ఆపుకోలేకపోతోంది. "మీ పిల్ల మెట్ల మీద కూలబడింది. రావే, మా ఇంట్లో కూర్చో అంటే రానంటోంది. నా పొయ్యి మీద ఏదో మాడుతోంది, వస్తా ఉండు."

ఎదురింటి తలుపు పడింది. తరవాత ఏ చప్పుడూ లేదు.

కంగారమ్మ మోకాళ్ళ మీద కూర్చుని నోరు కన్నం దగ్గర పెట్టింది.

"అమ్మడూ, ఉన్నావా?"

ఉన్నా లేనట్టే.

"స్వెట్టరు గుండీలు పెట్టుకున్నావా?"

ఆ ప్రశ్న అడిగినందుకు తన నోటిని తనే కొట్టుకుంది. చెవి పెట్టి విన్నది. మళ్ళీ నోరు పెట్టింది. ఆ కన్నం ఎంత చిన్నదంటే, వింటే మాట్లాడటానికి లేదు, మాట్లాడితే వినడానికి లేదు.

"వెళ్ళిపోయావా? హాస్టలుకేనా? సంచీ ఇక్కడే ఉంది కదే... సరే. ఉన్నా లేకపోయినా చెబుతా. ఎదురుగా ఉంటే మొహం కడుక్కోవడానికి పోతావు. ఇవాళ నీకు పంపు దగ్గరికి దారి లేదు."

కన్నానికి ఇంకా దగ్గరికి జరిగింది.

"నేను డిపోకి వెళ్ళింది చదునుదారి అడుగుదామనే. అది అబద్ధం కాదు. కానీ మొదలుపెట్టాక నోరు ఆగలేదే. నా భయమంతా తీసుకెళ్ళి ఆయన బల్ల మీద గుమ్మరించి వచ్చా. నీ మంచికే, నీ మంచికే అని నీ వెనకాల తిరిగా. నీ మంచికి కాదు. నువ్వు బస్సెక్కిన ప్రతిరోజూ, నీ అడుగు మెట్ల మీద పడేదాకా నాకు ఊపిరాడేది కాదు. నాకు ఊపిరాడటానికి నీ బస్సు ఆపేశా."

కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"రేపు డిపోకి వెళ్ళి చెప్పేస్తా, అవన్నీ... వద్దులే. నేను వెళ్తే ఇంకేం చెప్పి వస్తానో. నువ్వే డాక్టరు దగ్గరికి వెళ్ళు. నేను అడ్డం రాను. కొండదారే ఎక్కు. ఇంట్లో కూర్చుని నేను చచ్చే భయమేదో నేనే చస్తా, నీ మీద పెట్టను. హాస్టలుకి వెళ్ళాలంటే వెళ్ళు. ఈ తలుపు కోసి తీశాక నేనే సంచీ సర్దిస్తా. జాగ్రత్త అని కూడా అనను."

మంచం కింది సంచీ వైపు చూసింది.

"అంటాననుకో. ఒక్కసారే అంటా. ఆ సంచీకి జిప్పు సగం ఊడింది, దారిలో బట్టలన్నీ... చూడు, చూడు, మళ్ళీ మొదలెట్టా."

ఇక చెప్పడానికి ఏమీ మిగల్లేదు. అలవాటు లేని ఖాళీ అది. ఏ భయమూ నోటికి రాలేదు. నోరు తీసి చెవి పెట్టింది.

చల్లటి గాలిపోగు చెవిలో పడుతోంది. ఎక్కడో కింద ఎవరో బకెట్టు దించారు. పిల్ల ఉందో లేదో తెలియలేదు. గదిలో చీకటి పడింది. లేచి దీపం వేస్తే, ఆ లేచిన కాస్త సేపట్లో ఏదైనా వినబడకుండా పోతుందేమోనని లేవలేదు. మోకాళ్ళు తిమ్మిరెక్కాయి. చెవి మొద్దుబారింది. గడియారం తన పని తాను చేసుకుంటోంది. వడ్రంగి ఇంకా రాలేదు.

చాలాసేపటికి చెవిలో పడే గాలి మారింది. ముందు అర్థం కాలేదు. చలి తగ్గిందేమో అనుకుంది. కాదు, వెచ్చగా ఉంది. ఆగి, మళ్ళీ వస్తోంది. ఆగి, మళ్ళీ వస్తోంది. అవతలివైపు ఎవరో కన్నానికి మొహం ఆనించి ఊపిరి తీస్తున్నారు.

కంగారమ్మ కదల్లేదు. తను ఊపిరి పీలిస్తే అది పోతుందేమోనని బిగబట్టింది.

"అమ్మా" అంది అమ్మడి గొంతు, చలికి బొంగురుపోయి, నవ్వో ఏడుపో తెలియకుండా. "సబ్బు తుడిచేశావు కదూ?"